పెరుగు రత్నాకర్

యూనివర్సిటీ హాస్టల్లో రత్నాకర్లు ముగ్గురు. మైకు పట్టి ఉద్యమాన్ని ఊపేవాడు మైకు రత్నాకర్. నల్లకోటు తొడుక్కుని అరెస్టయినవాళ్లను విడిపించేవాడు బెయిలు రత్నాకర్. మూడోవాడు ఏళ్ల తరబడి చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ, మెస్సులో మారు పెరుగు కోసం గిన్నె చాచి, మెడ వంచి, పిల్లిలా నవ్వుతాడు. వాడు పెరుగు రత్నాకర్. ఒక్కసారి జైలుకు పోయొస్తే ఈ పేరు వదులుతుందని వాడి ఆశ.

తెలంగాణ కోసం తార్నాక రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు ఆ అవకాశం రానే వచ్చింది. అందరూ బంతిలో సాంబారన్నం తింటుండగా ఎస్సై పోలీసు వ్యాన్లోంచి దిగి, "రత్నాకర్ ఎవడ్రా?" అన్నాడు. మైకు రత్నాకర్ అప్పటికే అడిక్‌మెట్ సందుల్లో మాయం. మనవాడు ఎంగిలిచేత్తో లేచి, "నేనే! జై తెలంగాణ!" అన్నాడు.

"గాయన కాదు సార్! గాయన పెరుగు రత్నాకర్!" వడ్డిస్తున్న నవనీత అరిచింది.

"నువ్వూకో నవనీతా! నన్ను తీస్కపోనీ," అని గదిమి, వాడే ముందు నడిచి వ్యానెక్కాడు. వ్యాను కదలబోతుండగా కిటికీలోంచి పిడికిలెత్తితే జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే బంతిలోకి పెరుగు బకెట్టు వచ్చింది. పిడికిలి మెల్లగా విచ్చుకుని, రెండో చేతితో కలిసి కిటికీ బయటికి దోసిలై చాచుకుంది.

"నవనీతా, జర గిటు రావా..."

ఎస్సై డ్రైవర్ భుజం తట్టాడు. "ఆపవయ్యా. వీణ్ణి దించెయ్."