అరవై మూడు మెయిళ్ళలో ఇరవై రెండు

మొన్న మా బావమరిది ఫోనులో మెయిలు గుర్తు నెత్తిన ఎర్రగా నాలుగు వేల మూడు వందల పన్నెండు అని కనిపించింది, అన్నీ చదవనివేనట. ఆయన నిశ్చింతగా టీ తాగుతున్నాడు గానీ, అందులో ఎవరివి ఎన్నో విడదీసి చూడాలని నాకు చేతులు దురదపెట్టాయి.

లెక్కలు బడిలో కన్నా బస్తాలు ఎంచుతూ నేర్చుకున్నవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీ గోడౌను చూసేవాణ్ణి. గోడౌనులో నాకో కంప్యూటరు, ముందున్న ఆఫీసులో ఒకటి. ఆఫీసుకు వచ్చిన ప్రతి మెయిలూ టైపిస్టు గారు ప్రింటు తీసి ఫైల్లో ఒకదాని మీద ఒకటి గుచ్చితే, మేనేజరు గారు పైనుంచి వరస తప్పకుండా చదివేవారు. రైతుల రొయ్యలకు తెల్లమచ్చ తెగులు ఉందో లేదో చెప్పే ల్యాబు రిపోర్టులూ అందులోనే వచ్చేవి.

ఒకరోజు నాకు వరసకు పెదనాన్న అయ్యే రైతు తన చెరువు రిపోర్టు కోసం పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. తెగులుంటే ఆ పూటే వల వేసి పట్టేయాలి, లేకపోతే ఇంకో ఇరవై రోజులు పెంచుకోవచ్చు. నేను లోపలికెళ్ళి అడగడం, ఇంకా రాలేదని మేనేజరు గారు అనడం, ఆ మాటే నేను మోసుకురావడం. "వానొచ్చేది చీమలకైనా తెలుస్తుందిరా, మీ పెట్టెలోకి ఏమొచ్చిందో మీకే తెలీదు," అని ఆఫీసంతా నవ్వేలా దెప్పాడు. ఉదయం పదింటికే వచ్చిన ఆ రిపోర్టు సాయంత్రానికి నలభై ఒకటో కాగితంగా బయటపడింది. తెగులుంది. మర్నాడు వల వేసేసరికి సగం రొయ్యలు చెరువు అడుగున చచ్చిపడి ఉన్నాయి.

టైపిస్టు గారికి చీవాట్లు పడ్డాయి. నాకు మాత్రం ఇన్ని మెయిళ్ళు ఎవరు పంపుతున్నారా అని కుతూహలం పట్టుకుని, ఆ రోజు ఫైలు అడిగి తెచ్చి పేరుపేరునా గీతలు పెట్టాను. మొత్తం అరవై మూడు. అందులో ఇరవై రెండు నావే: లారీ వస్తే ఒకటి, వెళ్తే ఒకటి, ముందు పంపినదానికి సవరణ ఒకటి. ఆ కాగితం మేనేజరు గారికి చూపించి, తప్పు టైపిస్టు గారిది కాదని చెప్పి, పెదనాన్న ఇంటికీ వెళ్ళి ఒప్పుకున్నాను. "గోడౌను నుంచి ఆఫీసుకి ముప్పై అడుగులుంటుందిట్రా? నడవలేకపోయావా?" అన్నాడాయన.

అప్పట్నుంచి సాయంత్రం ఒక్కసారి చీటీ రాసుకుని నడిచి వెళ్ళి ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు రిపోర్టులు నేరుగా రైతుల ఫోన్లకే పోతున్నాయి, ఆఫీసుల్లో ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. మేలే. అయినా అందులో ఎన్ని చదివారో, ఎన్ని ఎర్ర అంకెల కింద ఉండిపోయాయో నేను లెక్కకట్టలేను. ఆ రోజుల్లో కబురు అందిందో లేదో ఎదుట కూర్చున్న మనిషి ముఖం చూస్తే తెలిసిపోయేది.