పిన్ని నోట హార్మోన్లు

లోకంలో ఏం జరిగినా దర్జీ పిన్నికి తోచే కారణం ఒక్కటే: హార్మోన్లు. మిషను దారం తెంపితే హార్మోన్లు. పక్కింటాయన గేటు ధడాలున వేస్తే హార్మోన్లు. ఓసారి కరెంటు పోతే, "ట్రాన్స్‌ఫార్మరుకీ ఉంటాయా పిన్నీ?" అని అక్క కూతురు ఆటపట్టించింది.

"దానికీ నలభై దాటుంటాయిలే!" అంది పిన్ని.

ఆ అక్క కూతురు బస్సు కండక్టరు. కొట్టు నిండా జనం ఉన్నప్పుడే పిన్ని గొంతు పెంచేది. ఈ పిల్లకి తల కొట్టేసినట్టుండేది.

ఓ రోజు యూనిఫాం ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వెళ్ళింది. ఏడాదిలో అది మూడోసారి.

"తిండి ఎక్కువైంది పిన్నీ."

పిన్ని కొలత తీసి, మొహంలోకి చూసింది. "తిన్నదంతా పొట్టకే పోయి, మొహం సున్నం కొట్టిన గోడలా ఉందేమే? నెలసరి ఎన్ని రోజులు?"

"పిన్నీ, మెల్లిగా!"

"ఎన్ని రోజులే?"

"పది... పన్నెండు."

కళ్ళు తిరిగినప్పుడల్లా బస్సులో కమ్మీ పట్టుకుని నెట్టుకొస్తోందామె. డిపోలో ఆ పొట్ట చూసి "ఎన్నో నెల?" అని అడిగినవాళ్ళే గానీ, "ఏమైంది?" అన్నవాళ్ళు లేరు.

పిన్ని ఆ పూటే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ స్కాను చూసి చెప్పింది: "గర్భసంచిలో గడ్డలు, ఫైబ్రాయిడ్లు. క్యాన్సరులా ఏం కనబడట్లేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లే వీటిని పెంచి పోషిస్తుంటాయి. నెలసరి ఆగిపోయాక చాలామందికి కుంచించుకుపోతాయి. కానీ మీ ఒంట్లో రక్తం బాగా తగ్గింది, అన్నాళ్ళు ఆగలేం. ముందు రక్తం పట్టాలి, తర్వాత ఆపరేషన్."

"ఆపరేషనా?" అంది కండక్టరు. పిన్ని మాత్రం ఫస్టు క్లాసులో పాసైనదానిలా వెలిగిపోయింది. "హార్మోన్లే అన్నారు కదండీ? దీని ముందు ఇంకోసారి అనండి!"

సెలవు చీటీ చూసి డిపో ఆఫీసరు, "ఆరు వారాలా? ఎందుకు?" అన్నాడు.

"తలనొప్పండీ" అని కండక్టరు నసిగింది.

"హార్మోన్లండీ!" అంది వెనకనుంచి పిన్ని.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో ప్రశ్న వేస్తే జవాబు వినాల్సొస్తుందని హడలిపోయి, చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని అడిగింది కండక్టరు, "నిజం చెప్పు పిన్నీ, మిషనుకి హార్మోన్లేంటి?"

పిన్ని మొదటిసారి గొంతు తగ్గించింది. "గర్భసంచి అంటే అందరూ చెవులు మూసుకుంటారే. హార్మోన్లంటే నవ్వుతారు. ఆ నవ్వినవాళ్ళలో ఒకత్తి అందరూ వెళ్ళేదాకా ఆగి, 'నాకూ...' అంటుంది. నీతో కలిపి తొమ్మిదిమందిని తీసుకొచ్చాను ఇక్కడికి."

మరో నెలకి డిపో ఆఫీసరు తన భార్యని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. అటూ ఇటూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడకి... అదేనండీ... అవి."

"కూర్చో తల్లీ" అని పిన్ని ఆమెకి కుర్చీ జరిపి, ఆయన వైపు తిరిగింది. "మీరూ కూర్చోండి. ఈసారి మొత్తం విందురుగాని!"