మా ఇంటి శుక్రవారం

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా అన్న బళ్ళారిలో ఇంకో కాపురం పెట్టుకున్నాక మిగతా సగం కూడా నాకే వచ్చిపడింది. కోడుమూరులో మేమిద్దరమే ఉంటాం, వదిన, పెళ్ళి చేసుకోని నేను. గ్యాస్ బండ మార్చడంలో నేను పూర్తి మొగుణ్ణే. బల్లి కనబడితే మాత్రం మంచమెక్కేది నేను, చీపురు పట్టేది వదిన.

మా చర్చిలో శుక్రవారం సాయంత్రాలు కుటుంబ ప్రార్థన, వారానికొకరి ఇంట్లో. అన్న ఇల్లు విడిచి వెళ్ళాక మూడేళ్ళపాటు ఆ వంతు మా వీధిదాకా రావడం, మా గడప దాటుకుని తర్వాతి ఇంటికి పోవడం. అందరి ఇళ్ళలోనూ పాట ఎత్తేది వదినే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గబగబా ముందు నడిచేది. నేను ఆ ఇంటి బజ్జీలకు మనసులో మార్కులు వేసుకుంటూ నడిచేదాన్ని. టీచరమ్మ బుద్ధి.

పోయిన ఏడాది కొత్త జాబితాలోనూ మా ఇల్లు లేదు. ఆరాధన అయ్యాక వదిన నేరుగా సంఘపెద్ద దగ్గరికి నడిచింది. వెనకే నేను, ధైర్యం చెప్పడానికి కాదు, చెప్పులు వెతుక్కుంటూ.

ఆయన చెడ్డవాడు కాదు. మాకు జ్వరమొస్తే వచ్చి ప్రార్థన చేసిపోయే మనిషి. "మొగోడు లేని ఇంటిని కుటుంబమని ఎట్ల రాసేదమ్మా? వాడు తిరిగొచ్చినంక పెట్టుకుందాంలే" అన్నాడు.

"అంతవరకు దేవుడు మా గడప బయట నిలబడుకోని ఉండాల్నా పెద్దయ్యా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. చెదిరిన కుటుంబం కోసం ప్రత్యేక ప్రార్థన అని పెడదాం, దానికెవరూ అడ్డు చెప్పరు అని ఒక దారి చూపించాడు.

"మా ఇంట్లో చెదిరిందేమీ లేదు. ఇద్దరముండాం, రెండు పూటలా కలిసే తింటాండాం. కుటుంబ ప్రార్థన అనే పెట్టండి."

పెట్టాడు.

మా వంతు వచ్చిన శుక్రవారం పక్కింటి ముస్లిం అక్క తమ పెళ్ళిళ్ళలో పరిచే జంపఖానా పంపింది. వదిన బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తూ, బజ్జీ మిరపకాయలు చీల్చే పని నాకిచ్చింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. వచ్చినవాళ్ళంతా నేను పశ్చాత్తాపపడుతున్నాననుకున్నారు.

పాటలయ్యాయి. పెద్దాయన కళ్ళు మూసుకుని వానల కోసం, శనగపైరు కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ప్రభువా, తల లేని ఈ ఇంటికి దారి తప్పిన ఆ బిడ్డను మళ్ళీ..."

రెండు తలలు, వాటి తలనొప్పులతో సహా, ఆయన ఎదురుగానే కూర్చునున్నాయి.

"ఆమెన్" అంది వదిన.

ప్రార్థన ముగిసినప్పుడు అనే తీరులోనే, గట్టిగా అంది. ఒక ఆమెన్ వినబడితే రెండోది దానంతటదే వచ్చే నోళ్ళు మావి. గదిలో ఉన్న ముప్పైమందీ ఆమెన్ అనేసి కళ్ళు తెరిచారు. ఆయనొక్కడే కళ్ళు మూసుకుని, వాక్యం మధ్యలో నిలబడిపోయాడు. సంఘమంతా ముగించాక ప్రార్థన కొనసాగించడం ఆయనకూ తెలీలేదు.

వదిన లేచి ప్లేట్లు అందుకుంది. "తినండి పెద్దయ్యా, చల్లారిపోతాండాది."

ఆయన తిన్నాడు. బజ్జీ మళ్ళీ వేయించుకున్నాడు కూడా. పోయేముందు ప్రార్థన జరిగినట్టు రాయడానికి సంఘం పుస్తకం తెరిచాడు. ఇంటి యజమాని అన్నచోట ఇంకా మా అన్న పేరే ఉంది. బడిలో తప్పులు దిద్దే నా ఎర్రపెన్ను ఆయనకు ఇవ్వబోయి, ఇవ్వలేదు. పుస్తకం నా వైపు తిప్పుకుని, ఆ పేరు నేనే కొట్టేసి, పైన మా ఇద్దరి పేర్లూ రాశాను.

దస్తూరి బాగా రాలేదు. చెయ్యి ఇంకా మండుతూనే ఉంది.