నొప్పికి మాటలు తెచ్చిన ఆయమ్మ

మా పక్కింటి ఆయమ్మ పోయింది. పొద్దున్నే పాలు పోసే మనిషి గోడ మీంచి తొంగి చూసి, "ఆయమ్మ లేదన్నా" అన్నాడు. నేను ఎద్దులకు చొప్ప వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను. మా ఇంటిది వచ్చి నా చేతిలోని కట్ట లాగి కింద పడేసింది. అప్పుడు గానీ ఆ మాట నా తలకెక్కలేదు.

నాకు చదువు అంతంత మాత్రమే. కూడబలుక్కొని రాస్తున్నాను. ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి. రాయడానికి అర్హత లేనివాణ్ణి నేనే. అయినా రాస్తున్నాను.

శింగనమల పోయే దారిలో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అందులో ఆమె ఆయా. ఊరంతా ఆయమ్మ అనే పిలిచింది. అక్కడి డాక్టరమ్మది కేరళ. ఆమెకు తెలుగు రాదు, మాకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఆయమ్మ. బడికి పోయింది లేదు. డాక్టరమ్మ పక్కన నిలబడి నిలబడి నేర్చుకుంది. నొప్పి అంటే పెయిను. మండితే బర్నింగు. సూదులతో పొడిచినట్లుంటే ప్రిక్కింగు. వాస్తే స్వెల్లింగు. కాలు బెణికితే స్ప్రెయిను. సలుపుకు మాత్రం చాన్నాళ్లు మాట దొరకలేదట. డాక్టరమ్మ ముందు పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి చూపిస్తే, చివరికి ఆమె "త్రాబింగ్" అన్నదట. ఆ మాట పట్టుకొని, తిరునాళ్ల నుంచి మిఠాయి తెచ్చినట్లు ఇంటికొచ్చింది.

విత్తనానికి వేరుశనగ కాయలు వలిచే రోజుల్లో ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరేవారు. వలిచి వలిచి బొటనవేళ్లు వాచేవి. "ఊరికే నొప్పి అంటే డాక్టరమ్మకేం తెలుస్తాది? ఎట్లాంటి నొప్పో చెప్పల్ల" అని ఆయమ్మ ఒక్కొక్కరినీ అడిగేది.

ఒక ముసలామె ఆటపట్టించింది. "మా ముసిలోడు పొద్దున తిట్టినాడు. దానికేమంటారే?"

"అదీ అడిగొచ్చినాలే అవ్వా. హర్ట్ అంటారంట. రాయి తగిలినా అదే, మాట తగిలినా అదే."

"రెంటికీ ఒకటేనా? ఇంగ్లీషోళ్లకు మాటల కరువొచ్చినట్లుండాదే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఇంట్లో నొప్పి అనే మాట పలికే అలవాటు లేదు. మా నాయన తొడను ఎద్దు కొమ్ముతో చీరేస్తే, గుడ్డ చుట్టుకొని సాయంత్రం దాకా మడక దున్నాడు. ఆ పొగరు మీద పెరిగినవాణ్ణి. మా ఇంటిదాన్నీ అట్లాగే బతకమన్నాను.

వానలు ముఖం చాటేసిన ఏడు అది. మా ఇంటిది పనిచేస్తూ చేస్తూ గుంజ పట్టుకొని వంగిపోయేది. నేను చూశాను. చూసీ అడగలేదు. ఆయమ్మే గోడ మీంచి, "వదినను ఆసుపత్రికి పిల్చుకోని రా అన్నా. రాకుంటే నేనే వచ్చి పిల్చుకోని పోతా" అంది.

పోయాము. డాక్టరమ్మ ఏదో అడిగింది. మా వైపు ఊళ్లలో మొగుడు పక్కన నిలబడి ఉంటే పెండ్లాం తన జబ్బు తాను చెప్పుకోదు. మొగుడే చెబుతాడు. నేనే చెప్పాను. "కడుపుబ్బరం. సోడా తాగితే పోతాది."

ఆయమ్మ ఆ మాటను ఇంగ్లీషు చేయలేదు.

"అన్నా, నువ్వు పోయి బయట కూర్చో."

"యాలమ్మా?"

"నొప్పి నీది కాదు కదప్పా. వదినది."

బయట బల్ల మీద మా ఊరివాళ్లే ఉన్నారు. "ఏమన్నా, తరిమేసినారా?" అని ఒకడు ఇకిలించాడు. లోపల మా ఇంటిదాని గొంతు వినబడింది. అంతసేపు మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఆగిన చోటల్లా ఆయమ్మ ఇంగ్లీషు ముక్కలు. ఆ రోజే అనంతపురం పెద్దాసుపత్రికి పంపారు. ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు.

మనిషి దక్కింది. దక్కించిన మనిషితో నేను మాట మానేశాను. నలుగురిలో నన్ను బయటికి పొమ్మందని. ఏళ్ల తరబడి. మధ్యలో ఉన్నది ఒక్క మొండిగోడ. ఆమె మాత్రం నా కుంటు నడక చూసి, నాకు వినబడేట్లు, "అన్న మోకాలు ఎట్లుండాది వదినా?" అని మా ఇంటిదాన్ని అడుగుతూనే ఉండేది.

ఈ ఎండాకాలం ఆయమ్మ మంచం పట్టింది. "పోయి పలకరించు. నీ నోట్లో ముత్యాలేమీ రాలిపోవులే" అంది మా ఇంటిది. నాలుగు రోజులు వెనకాముందూ ఆడి, పోయాను. తప్పు నాదేనమ్మా అని చెప్పాలనే పోయాను.

నులకమంచం మీద చీర మడత పెట్టినట్లుంది. కళ్లు తెరిచింది.

"ఏమన్నా, ఇంత దూరమొచ్చినావే."

నేను నిలబడే ఉన్నాను. ఆసుపత్రిలో రోగుల్ని చూసినట్లే నా ముఖంలోకి చూసింది.

"యాడ నొప్పన్నా?"



"ఏం లేదమ్మా. ఊరికే వచ్చినా."

ఏం లేదంటే ఎవరినీ వదలని మనిషి, నన్ను వదిలేసింది. ఊపిరి కూడదీసుకొని, ఒక కాలు, తర్వాత రెండో కాలు, మెల్లగా పక్కకు జరుపుకుంది. నేను కూర్చోవడానికి.

"కరెంటొచ్చే టైమాయ. మోటరెయ్యల్ల" అన్నాను.

గడప దాటుతూ వెనక్కి చూశాను. ఆమె కాళ్లు ఇంకా అట్లాగే ముడుచుకొని ఉన్నాయి. నులక మీద ఒక మనిషి కూర్చునేంత చోటు అట్లాగే ఉండింది.