నమూనా పక్కనే ఉండాలన్న మా బామ్మర్ది

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున మా బామ్మర్ది పోయాడు. గుండెనొప్పి. ఆటో ఎక్కించేలోపే అయిపోయింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడు కాగితాలు పాడుచేశాను. నా చేతిరాత బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి. ఊళ్లో ఐదో తరగతితో ఆగిన చదువు, మీరే సర్దుకొని చదువుకోవాలి. మాట్లాడడం కూడా నాకు తక్కువే. ఇన్నేళ్లూ నా వంతు మాటలు కూడా అతనే మాట్లాడేవాడు.

నా భార్యకు తమ్ముడతను. ఇక్కడ బొంబాయి పక్కన భివండిలోనే పుట్టాడు, మరాఠీ బడిలో చదివాడు, తెలుగు కూడబలుక్కొని చదివేవాడు. నాగావ్‌లో మా నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్న షెడ్డుకు రెండు సందుల అవతల అతని సైబర్ కేఫ్. నాలుగు కంప్యూటర్లు. పొద్దున రాగానే వేస్టు నూలు ఉండ చేసి ఒక్కొక్క కీబోర్డూ తుడిచేవాడు. చాయ్ సగం తాగి పక్కన పెట్టి మరిచిపోయేవాడు, తర్వాత చల్లారిందని చాయ్‌వాడి మీదే అలిగేవాడు.

అతనూ, ముఖాలు కూడా చూసుకోని ముగ్గురు నలుగురు పరదేశం మనుషులూ కలిసి ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. నేత డిజైన్ల కోసం. దాన్ని అందరికీ ఊరికే ఇచ్చేశారు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారట. అందులో బొమ్మ గీయనక్కరలేదు. ఏ పోగు ఎప్పుడు లేవాలో కొన్ని వరుసలు రాస్తే అదే డిజైన్ గీస్తుంది. సాంచా మీద పోగులను ఎత్తే డాబీకి ఏ మేకు ఎక్కడ కొట్టాలో కాగితం తీసి ఇస్తుంది.

"ఊకెనే ఎందుకిస్తున్నరు?" అని అడిగాను.

"నాకు నేసుడు నేర్పినప్పుడు నువ్వేమన్న తీసుకున్నవా బావా?" అన్నాడు.

కొత్తవాళ్లు నేర్చుకోవడానికి కొన్ని ఉదాహరణలు రాసి పెట్టారు. ఏటవాలు గీతల గుడ్డకు ఇలా రాయాలి, గళ్ల తువ్వాలకు ఇలా రాయాలి అని. మన నేతగాళ్లు చదివేది అవే, ఎలా వాడాలో చెప్పే మిగతా పుస్తకం ఎవరూ తెరవరు. అయితే ఆ ఉదాహరణలు సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చేవి కావు, ఇంటర్నెట్‌లో వేరే చోట ఉండేవి. గొడవంతా అక్కడే వచ్చింది.

డాబీ కింద పోగులను ఎత్తే ఫ్రేములుంటాయి. మొదట ఆ సాఫ్ట్‌వేర్ వాటిని ముందు నుంచి లెక్కపెట్టేది. తర్వాత దాన్ని మార్చి వెనక నుంచి లెక్కపెట్టేలా చేశారు. వేరే చోట ఉన్న ఉదాహరణలను మాత్రం ఎవరూ ముట్టలేదు. గైబీ నగర్‌లో మనవాడే ఒకతను బడి యూనిఫాం గుడ్డకు ఆ ఉదాహరణ ఉన్నదున్నట్టు దించుకొని, ఒక బీముకు చుట్టిన పడుగు మొత్తం నేశాడు. కుడికి వాలాల్సిన గీతలు ఎడమకు వాలాయి. బట్ట కొనేవాళ్లు వద్దన్నారు. అతను అందులో ఒక తాను భుజాన వేసుకొని సైబర్ కేఫ్‌కు వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఏంది తమ్మీ, నీ కంప్యూటర్‌ది ఎడమచేతి వాటమా?" అన్నాడు.

కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మా బామ్మర్ది నవ్వలేదు. తాను విప్పి, భూతద్దం పెట్టి చూశాడు. "తప్పు నీది గాదన్నా, మాది" అన్నాడు. ఆ గుడ్డ తీసుకొని తనకు రెండు ప్యాంట్లు కుట్టించుకున్నాడు. తర్వాత కేఫ్‌కు ఎవరు డిజైన్ కోసం వచ్చినా కాలు ముందుకు చాపి, "చూడుండ్రి, ఇది మేం తప్పు రాసిన గుడ్డ" అని చూపించేవాడు. మా ఆమె, "తమ్మీ, నీ తప్పు తొడుక్కొని ఊరంత తిరుగుడు ఏందిరా" అని మొత్తుకునేది.

ఉదాహరణలను సాఫ్ట్‌వేర్ లోపలే పెట్టాలని ఆ పరదేశం వాళ్లకు రాశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అవి కలిపితే బరువు పెరుగుతుంది, ఫోన్ లైను మీద దించుకునేవాళ్లకు గంటలు పడుతుంది. వేరే చోట ఉంటే ఎవరైనా కొత్తది చేర్చవచ్చు. ఫోన్ లైను కష్టం మా బామ్మర్దికి తెలియనిదా? ఒక మధ్యాహ్నం షెడ్డుకు వచ్చి, సాంచాల చప్పుడులో నా చెవి దగ్గర అరిచాడు.

"బావా, నువ్వు నమూనా గుడ్డ యాడ పెడ్తవ్?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. డాబీ నుంచి విప్పిన మేకుల పట్టీల కట్ట చూపించాను. ప్రతి కట్టకూ దాంతో నేసిన బెత్తెడు గుడ్డ కట్టి ఉంటుంది. మా నాయన కూడా అట్లాగే కట్టేవాడు.

"అల్మారల వేరే పెట్టొచ్చు గద?"

"అప్పుడు ఏది దేనిదో ఎట్ల ఎర్కైతది?"

"ఒక మేకు మారిస్తే?"

"మళ్ల బెత్తెడు నేసి అది కడ్త. పాతది తీసి పారేస్త."

అంతే. నేను జీవితంలో అంత పనికొచ్చే మాట ఇంకోటి చెప్పలేదట. అదంతా ఇంగ్లీషులో రాసి పంపాడు. వాళ్లు మెత్తబడ్డారు. సరే లోపలే పెడదాం, కాని కొత్తది విడుదల చేసే ప్రతిసారీ ఒక్కొక్క ఉదాహరణనూ పరీక్ష చేయాలి, ఎవరు చేస్తారు అని అడిగారు. "నేనూ, బావా చేస్తాం" అని జవాబిచ్చాడు.

వాళ్లు 'బావ' నా పేరనుకున్నారు. తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ "బావ చూశాడా?", "బావ ఏమన్నాడు?" అని ఉండేది. మా బామ్మర్ది చదివి వినిపిస్తూ పడీ పడీ నవ్వేవాడు. "అరే, నిన్ను బావా అనేటోళ్లు ఎంతమందైండ్రో సూడు!" సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్ల పట్టీలో చివరి వరుసలో ఇప్పటికీ అదే ఉంది, బావ అని. సరిచేయిద్దామని నేనంటే, "అదే నీ అసలు పేరు" అనేవాడు.

అప్పటి నుంచీ ఏడాదికి రెండుసార్లు అతను కాగితాలు తీసేవాడు, నేను మేకులు కొట్టి నేసేవాడిని. తెర మీద బాగానే కనిపిస్తోంది కదా, నేయడమెందుకని ఒకసారి బద్ధకించాను. "పక్కన లేనిది పాతబడ్తది బావా, నెయ్యనిది అబద్ధమైతది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ రోజు నేసేదాకా పక్కనుంచి కదలలేదు.

అతను పోయిన పదిహేనో రోజున కంప్యూటర్‌లో ఆ పరదేశం వాళ్ల ఉత్తరం వచ్చింది. అతని కూతురు, మా మేనకోడలు పిల్ల, చదివి చెప్పింది. అతను పోయిన సంగతి వాళ్లకు రాసిందీ తనే. బడిలో లెక్కల టీచర్ ఆ పిల్ల. ఉత్తరం నాకే రాశారు. బావా, మాకు చాలా బాధగా ఉంది అని మొదలుపెట్టారు. నెలాఖరుకు కొత్తది విడుదలవుతుందనీ, ఉదాహరణలను ఎవరైనా పరీక్ష చేయగలిగితే లోపలే ఉంచుతామనీ, లేకపోతే తీసి వేరే చోట పెట్టక తప్పదనీ రాశారు. తప్పు ఉదాహరణ లోపల ఉండడం కంటే అది మేలు అన్నారు. అదీ నిజమే.

"ఏం జేద్దాం మామా?" అంది కోడలు.

"నువ్వు కాగితం తియ్యి" అన్నాను.

మొత్తం పన్నెండు ఉదాహరణలు. రోజూ బడి అయ్యాక వచ్చి తీసి ఇచ్చింది. ఏడు సరిగ్గా వచ్చాయి. ఎనిమిదోది గళ్ల తువ్వాల. తెర మీద చక్కగా ఉంది. నేస్తే గడి మధ్యలో ఒక పోగు పట్టు దొరకక తేలుతోంది. మేకులు రెండుసార్లు విప్పి కొట్టాను. తప్పు నా చేతిలో లేదు, రాసిన వరుసల్లోనే ఎక్కడో ఉంది. "చదువుడొస్తది గాని దిద్దుడు రాదు మామా" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. దొరకలేదని చెప్పి వదిలేస్తే, మిగతావి కూడా పోతాయి.

అందుకే ఈ పత్రిక చదివే మీ అందరికీ రాస్తున్నాను. మీ ఇళ్లల్లో కంప్యూటర్‌కు రాయడం తెలిసినవాళ్లు, ఆడైనా మగైనా, ఉండే ఉంటారు. నేత తెలియకపోయినా ఫరవాలేదు, అది నేను చెప్తాను. మా కొడుకు రోజూ, "బాపూ, ఆ సాంచా ఎన్నొద్దులు నిలవెడ్తవ్?" అంటున్నాడు. రెండు రోజులు అన్నాను. ఇవాళ్టికి ఆరో రోజు. పక్కన మూడు సాంచాలు నడుస్తుంటే నేల అదురుతుంది. ఆ అదురుకు, ఆగిన సాంచా మీద జానెడు తువ్వాల గుడ్డ వణుకుతోంది, తేలిన ఆ ఒక్క పోగు పైకీ కిందికీ ఊగుతోంది. జాబు తొందరగా రాయండి.