బ్రాకెట్లో నవ్వులు

శాసనసభలో ముప్పై ఏళ్లు షార్ట్‌హ్యాండ్ రాసి రిటైరైన ఆవిడకు ఇప్పుడు రెండు గదుల ఇల్లు, రాజకీయ చరిత్ర పుస్తకాలు తప్ప వేరే లోకం లేదు. అలాగని కుదురుగా కూర్చుని చదువుతుందా అంటే అదీ లేదు. రెండు పేజీలకోసారి లేచి, స్టవ్ ఆపానో లేదో అనుకుంటూ వంటింట్లోకి వెళ్లి చూసొస్తుంది. తిరిగొచ్చేసరికి ఏ ప్రభుత్వం పడిపోయిందో మర్చిపోయి మళ్లీ మొదటికొస్తుంది. నిన్న వండిన కూరేమిటో గుర్తులేకపోయినా, నలభై ఏళ్ల కిందటి సభ మాత్రం తనకు కంఠతా వచ్చని ధీమా.

ఆ ధీమాకే ఇవాళ గండి పడింది. ముఖ్యమంత్రి తన రాజీనామా చదువుతూ తడబడితే సభంతా ఘొల్లున నవ్విందని పుస్తకంలో ఉంది. "శుద్ధ అబద్ధం. చీమ చిటుక్కుమంటే వినపడేది," అని గొణుక్కుంటూ పేజీ అడుగున ఆధారం వెతికింది. ఆధారం ఆ రోజు సభ నివేదికే. రాసింది తనే. బ్రాకెట్లో 'నవ్వులు' అని పెట్టిందీ తనే అయ్యుండాలి. ఇక ఉండబట్టలేక, అప్పట్లో పక్క కుర్చీలో కూర్చుని రాసిన జూనియర్‌కి ఫోన్ చేసింది.

"ఆ రోజు ఎవరైనా నవ్వారటే?"

"భలేదానివక్కా. ముందు నవ్వింది నువ్వేగా. ఊరుకోమని బల్ల కింద నీ కాలు తొక్కాను కూడా."

ఫోన్ పెట్టేసి ఆవిడ మళ్లీ స్టవ్ దగ్గరికి బయల్దేరింది. సగం దూరంలో ఆగి, ఏ కాలో తేలక, రెండు పాదాల వంకా మార్చి మార్చి చూసుకుంది.