పటం ముందర కారు ఆట

మా మరిది అంకన్నకు నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గర టీవీలు రిపేరు చేసే అంగడి ఉంది. అంగడి అని ఆయనే అనాలి. లోపలికి పోతే కూర్చోవడానికి చోటుండదు. వెనక మూతలు ఊడదీసిన టీవీలు, కరెంటు తగలని టేపురికార్డర్లు, ఇచ్చి మళ్లీ రానివాళ్ల రేడియోలు. చేతికొచ్చిన వస్తువును పారేయడం ఆయనకు చేతకాదు. ఎవరైనా వచ్చి ఇది ఇంక పనికిరాదు అన్నారా, ఆ వస్తువు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. పనికొచ్చే వస్తువు మీద మాత్రం ఆ ప్రేమ ఉండదు. నా మిక్సీ ఆయన దగ్గరికి పోయి ఎంత కాలమైందో నాకే గుర్తులేదు. అడిగితే, "దాందేముంది వదినా, చిన్న పని" అంటాడు. చిన్న పని కాబట్టే చేయడు. నేను ఇప్పటికీ రోట్లోనే నూరుతున్నాను.

మా ఆయన మద్దిలేటి, అంకన్నకు అన్న. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పని. వారమంతా రాయి, ఉలి, దుమ్ము. ఆదివారం వస్తే పొద్దున్నే తలంటు పోసుకుని నంద్యాల బస్సెక్కేవాడు. తమ్ముణ్ణి చూడ్డానికి అని పేరు. అసలు పోయేది కారు నడపడానికి.

తొంభై తొమ్మిదిలో అంకన్న ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్నాడు. ఏదో ఆఫీసులో తీసేసింది. దాంట్లో ఒక కారు ఆట ఉండేది. కొండల మధ్య రోడ్డు మీద కారు తోలాలి. మా ఆయనకు సైకిలు తొక్కడమే సరిగా రాదు. అలాంటి మనిషి ఆ డబ్బా ముందర కూర్చుంటే అన్నం మాట ఎత్తేవాడు కాదు. మొదట్లో ఆ కొండలు ఇటుకలు పేర్చినట్టు ఉండేవట. "అంకా, ఇవి కొండలా, ఇంటికి దింపిన ఇటికెలా?" అని ఎగతాళి చేస్తే అంకన్నకు రోషం వచ్చింది. బెంగళూరు పోయి, బొమ్మ బాగా రావడానికి ఒక కార్డు తెచ్చాడు. అది కూడా ఎవరో వాడి తీసేసిందే. కంప్యూటర్లో ముందే ఉన్న మామూలు కార్డు పక్కన దీన్ని గుచ్చాలి. గుచ్చాక కొండలు కొండలయ్యాయి.

ఒకసారి మా ఆయన నన్నూ తీసుకుపోయి చూపించాడు. ఆటలో ఒక మలుపు దగ్గర పెద్ద బండ ఉంటుంది. మా ఆయన అక్కడికి రాగానే రోడ్డును మరిచిపోయి బండను చూసేవాడు.

"సూడు, పగులు యాడ మొదులై యాడికి పోయిందో. గీసినోనికి రాయి తెల్సు" అనేలోపే కారు పోయి దానికే కొట్టుకునేది.

"నీకు రోడ్డు కనపడదా అన్నా?" అని అంకన్న నెత్తి కొట్టుకునేవాడు.

ఇంకో సంగతి, ఆ ఆటను ఎవరూ ముట్టకుండా వదిలేస్తే కాసేపటికి కారు దానంతటదే పోతుంది. ఆడటం ఎట్లో చూపించడానికి పెట్టారట. అది కూడా ఆ మలుపులో ఆ బండకే కొట్టుకునేది. అప్పుడు మా ఆయన ముఖం చూడాలి. "సూసినావా, నేనొక్కన్నే కాదు!"

కొన్నేళ్లకు ఆయనకు దగ్గు వచ్చింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుందన్నారు. నంద్యాలలో డాక్టరుకు చూపించిన ఒక ఆదివారం, మెట్లెక్కలేని మనిషి, అంగడికి పోదాం అన్నాడు. పోయాం. ఆ రోజే అంకన్న కంప్యూటర్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి దుమ్ము దులుపుతున్నాడు. "ఇదో, ఒక్క నిమిషం అన్నా" అని మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. తొందరలో ఏది ఎక్కడ పెట్టాడో, తెర వెలగలేదు. మా ఆయన టీ తాగి, "వచ్చే ఆదివారం ఆడుకుంటాలే" అని లేచాడు. ఆ ఆదివారం ఆయనకు రాలేదు.

పూడ్చేటప్పుడు మా వాళ్లలో పోయినవాళ్లకు ఇష్టమైనది ఏదో ఒకటి గుంతలో పెడతారు. మా అత్త రంగమ్మ బీడీ కట్ట పెట్టింది. షెడ్డువాళ్లు ఆయన ఉలి పెట్టారు. అంకన్న ఏడుస్తూ వచ్చి, ఆటలో కారు తిప్పే పిడిని గుడ్డసంచితో సహా ఆయన చెయ్యి పక్కన పెట్టాడు. నేనైతే చూడను కూడా చూడలేదు.

ఆ రోజు నుంచి అంకన్న మాంసం మానేశాడు. ఆయన భార్య నాగవేణి, ఎన్నాళ్లిట్ల అని అడిగితే, "అన్నకు ఆట పెట్టేదాకా" అన్నాడు.

ఆ మాటకు అర్థం సంవత్సరీకం దగ్గరపడ్డాక తెలిసింది. పోయినవాళ్లు తిన్నవీ తాగినవీ పటం ముందర పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరికేసి అందరం బయటికి వస్తాం. వాళ్లు వచ్చి తిని పోతారని. ఏమేమి పెట్టాలో మా అత్త చెప్తోంది. పొట్టేలు మాంసం, సద్దరొట్టె, బీడీలు. అంకన్న మధ్యలో, "ఆట కూడా పెట్టాల" అన్నాడు.

"ఏందీ?" అంది మా అత్త.

"కారాట. పోయినసారి వచ్చి ఊరికే కూచోని పోయినాడు. ఈసారి అట్ల పోకూడదు."

మా అత్త కాసేపు ఆలోచించి, "పెట్టప్పా. వానికిష్టమే గదా" అంది. ఆమెకేం, ఆ డబ్బాతో వేగాల్సింది నేను.

సంవత్సరీకం మా ఇంట్లో కాబట్టి కంప్యూటర్‌ను ఆళ్లగడ్డకే తెచ్చాడు. బస్సులో దానికొక సీటు, ఆయనకొక సీటు. శిరివెళ్ల దగ్గర ఒక ముసలాయన ఆ సీటు అడిగితే గొడవ పడి, చివరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడట. వచ్చిన రోజు నుంచి నా వసారా నాది కాదు. నా చేటలో మరలు. బియ్యం డబ్బా మీద తెర. పప్పు కడిగే గిన్నెలో ఏవో వైర్లు. దసరా దసరాకు ఆ కార్డుకు కూడా బొట్టు పెట్టేవాడు మహానుభావుడు, దాని బంగారు రంగు పళ్ల మధ్య కుంకుమ ఇరుక్కుంది. పెన్సిలు తుడిచే రబ్బరుతో ఆ పళ్లను ఒక్కొక్కటే తోముతూ కూర్చున్నాడు. కన్నబిడ్డకు కూడా ఎవరూ అట్లా తోమరు.

"అంకన్నా, పొయ్యి మీద పాలున్నాయి, చూస్తాండు" అని నీళ్లకు పోతే, పాలు పొంగి పొయ్యంతా కారిపోయేది. ఆయన తల ఎత్తేవాడు కాదు.

కార్డు లేకుండా పెడితే తెర వెలుగుతుంది. ఆట వస్తుంది, ఇటుకల కొండలతో. కార్డు గుచ్చి, తెర వైరును దానికి తగిలిస్తే నల్లటి చీకటి. నంద్యాలలో కంప్యూటర్లు అమ్మే అంగట్లో అడిగితే నవ్వారు. "ఇంతకాలం దీన్ని యాడ దాచినావన్నా? పారేసి కొత్తది కొనుక్కో" అన్నారు. కొత్తదాంట్లో ఆ ఆట రాదు. ఆ మాట చెప్తే, "ఐతే కొత్త ఆట ఆడుకో" అన్నారు. అంకన్న అలిగి వచ్చేశాడు.

"కొత్త ఆట మా అన్నకు తెల్దు" అన్నాడు నాతో. లోపలికి పోయి బియ్యం ఏరుకున్నాను.

తర్వాత కోయిలకుంట్లలో ఎప్పుడో మూతపడిన కంప్యూటర్ నేర్పించే సెంటర్లో అలాంటి కార్డే ఒకటి ఉందని ఎవరో చెప్పారు. పోయాడు. తెచ్చాడు. దాన్నీ తోమాడు. గుచ్చాడు. అదే చీకటి.

నాగవేణి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అంగట్లో జనాలు టీవీలు ఇయ్యమని కొట్లాడుతాండారు. నీకేమో ఈడ ఈ పెండ్లి."

"నువ్వు గమ్మునుండవే. రెండు కార్డులూ చెడిపోయింటాయా? కార్డుది కాదు తప్పు."

"ఔ, కార్డుది కాదు. నీది."

నాకు నవ్వొచ్చింది. ఏడాదిలో నాకు నవ్వు రావడం అదే మొదలనుకుంటాను. వెంటనే చిరాకూ వచ్చింది.

"అంకన్నా, ఆయన బతికున్నప్పుడు ఇదే కార్డుతో బొమ్మ వచ్చింది గదా. అప్పుడుండి ఇప్పుడు లేనిది ఏందో సూడు" అన్నాను.

అంకన్న కంప్యూటర్ వెనక వైపు మామూలు కార్డునూ, దాని పక్కన గుచ్చిన కార్డునూ చూశాడు. వేలితో ఒకదాన్ని ముట్టాడు, రెండోదాన్ని ముట్టాడు. మధ్యలో ఖాళీ గాలిని కూడా ముట్టాడు. ముఖం పాలిపోయింది.

"వదినా, ఆడొక పొట్టి వైరుండాల."

"యాడ?"

"ఈ కార్డులోంచి ఆ కార్డులోకి. జానెడే ఉంటాది. మామూలు బొమ్మ దాంట్లోంచి వచ్చి దీంట్లోంచి బయటికి పోతాది."

"అది యాడుంది మరి?"

అంకన్న ఇంకా ఆ ఖాళీనే చూస్తున్నాడు. నాగవేణి గదమాయించింది. అప్పుడు చిన్న గొంతుతో, "ఆ పొద్దు విప్పినప్పుడు పోకుండా ఉంటాదని సంచిలో ఏసినా. పిడి ఉన్న సంచిలో" అన్నాడు.

ఆ సంచి మా ఆయన చెయ్యి పక్కన, మట్టి కింద ఉంది.

ఆయనకిష్టమైన ఆటను ఆయనతోనే పూడ్చిపెట్టి, ఇన్ని రోజులుగా నా వసారాలో వెతుకుతున్నాడు ఈ మనిషి. తిడదామని నోరు తెరిచాను. అంకన్న ముఖం చూసి మూసేశాను.

అంత పొట్టి వైరు నంద్యాలలో దొరకలేదు. తానే చేస్తానని, పాత తెరల వైర్లు కోసి, వెంట్రుకల్లాంటి తీగలు అతికిస్తూ కూర్చున్నాడు. ఇల్లంతా సీసం కాలిన వాసన. మొదటి వైరుకు తెరంతా పచ్చగా వచ్చింది, అందులో ఒక్కో అక్షరం రెండుగా. రెండో వైరుకు అదీ లేదు.

సంవత్సరీకం రోజు వచ్చేసింది. పొట్టేలు మాంసం ఉడుకుతోంది. మా అత్త పటానికి పూలు వేస్తోంది. అంకన్న మూడో వైరుతో కుస్తీ పడుతున్నాడు. వెలగదు. విసిరికొట్టాడు. "వద్దులే వదినా. మీరు పెట్టుకోండి. నేను పోతా."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. చేతిలో గరిట అలాగే పట్టుకుని వసారాలోకి వచ్చాను.

"యాడికి పోతావ్? ఇన్నాళ్లు నా ఇల్లు తొక్కి తొక్కి ఈ పొద్దు పోతావా? వైరు లేకుంటే ఏమి, ఆట మొదులైనాక బొమ్మ యాడ వస్తాది?"

"బెంగళూరు కార్డులో వస్తాది. ఆట మొదులుపెట్టాలంటే మామూలు కార్డులో సూడాల గదా. అందుకే గదా వైరు."

"నాకు గ్యాస్ బండలు రెండుండాయి, రెగ్యులేటర్ ఒకటే. ఇది అయిపోతే పీకి దానికి పెట్టుకుంటాండా. రెండిటికీ ఒకటేసారి పెట్టుకోమంటే యాడ పెడతా? ఈడ సూసి మొదులుపెట్టు. పీకి ఆడ పెట్టు. అంతే గదా!"

నేను కోపంలో అన్నానే గానీ తెలిసి అనలేదు. అంకన్న కింద కూర్చుని, తెర వైరు మామూలు కార్డుకు తగిలించి ఆట మొదలుపెట్టాడు. తెర నల్లబడింది. వైరు పీకి పక్క కార్డుకు గుచ్చాడు.

కొండలు వచ్చాయి.

కరెంటు పోకముందే పెట్టాలని నాగవేణి పరుగున సాంబ్రాణి తెచ్చింది. తెరను పటం ముందరికి జరిపాం. మాంసం, రొట్టెలు, బీడీలు, ఆ పక్కన రోడ్డు మీద నిలబడి ఉన్న ఎర్ర కారు. తలుపు దగ్గరికేసి అందరం అరుగు మీదికి వచ్చాం.

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపల కారు కదిలింది. శబ్దం పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. మా అత్త తలుపు వైపు చెవి పెట్టింది. చక్రాలు కీచుమన్నాయి. ఆ మలుపే. ధడ్‌మని కొట్టుకుంది.

"మెల్లగా పో నాయనా. ఎవురు తరుముతాండారు నిన్ను?" అంది మా అత్త తలుపుతో.

అంకన్న నోరు తెరిచాడు. "అమ్మా, అది మనం ముట్టకపోతే దానంతటదే..."

నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకు తెలిసి ఒక యంత్రం గురించి ఆయన మొదలుపెట్టిన మాట మధ్యలో ఆపడం అదొక్కసారే.

తలుపు తీసేసరికి సాంబ్రాణి అయిపోవచ్చింది. తెర మీద కారు ఆ బండ పక్కనే నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయి బండను చూశాను. ఇన్నేళ్లూ ఆయన చెప్తుంటే వినడమే గానీ నేను సరిగా చూడలేదు. పగులు పైనుంచి మొదలై, కొంచెం పక్కకు పోయి, మళ్లీ కిందికి దిగింది. రాయి ఎట్లా పగులుతుందో అట్లాగే.

భోజనాల్లో అంకన్న విస్తట్లో నాగవేణి మాంసం వేసింది. వద్దనలేదు. తలొంచుకుని తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, గమనించినావా? శబ్దం ఒక పక్కనుంచే వస్తాంది. అదొకటి సరిచేస్తే..."

"ముందు నా మిక్సీ తెచ్చియ్యి" అన్నాను.